అనిమే ఓపెనింగ్ పాట ఒకటిన్నర నిమిషమే ఎందుకు?

జపాన్ టీవీలో అనిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) ఓపెనింగ్‌కి మామూలుగా 90 సెకన్లే ఇస్తారు, అందుకే పాట అంతలోనే అయిపోతుంది. అరగంట స్లాట్‌లో కథ, యాడ్స్, ఎండింగ్ పాట అన్నీ సర్దాలి కదా.

1995లో మొదలైన ‘నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్’ అనే అనిమేనే చూడండి. తాళానికి సరిగ్గా తగ్గట్టు బొమ్మలు రెప్పపాటులో మారిపోతుంటాయి. ఆ ఎడిటింగ్ ఇప్పటికీ అద్భుతమే! యోకో తకహాషి పాడిన ఆ పాట పూర్తిగా వింటే నాలుగు నిమిషాల పైనే. రెండో చరణం టీవీలో వినిపించదు.

టీవీలో వచ్చిందే మొత్తం పాట అని చాలామంది పొరబడతారు. పూర్తి పాట సాధారణంగా విడిగా సింగిల్‌గా (ప్రధానంగా ఒక్క పాట కోసం విడుదల చేసే రికార్డుగా) వస్తుంది. చాలా అనిమేలకు మ్యూజిక్ కంపెనీలు కూడా పెట్టుబడి పెడతాయి కాబట్టి, ఓపెనింగ్ ఆ సింగిల్‌కి ప్రచారం కూడా.