పీఎఫ్ డబ్బు రెండు రూపాయల వడ్డీకి తిప్పొచ్చా?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో 24 ఏళ్లుగా పని చేస్తున్న. వచ్చే ఏడాది 58 నిండుతాయి. పీఎఫ్ 14 లక్షల దాకా వస్తుంది, పెన్షన్ నెలకు 4 వేల చిల్లర అంటున్నారు. బేసిక్ జీతం 22 వేలు. సొంతిల్లు, ఊళ్లో రెండెకరాల బత్తాయి తోట ఉన్నాయి. అప్పుల్లేవు. నెల ఖర్చు 18 వేలు. పీఎఫ్ డబ్బు రెండు రూపాయల వడ్డీకి తిప్పుదామని బామ్మర్ది, చౌటుప్పల్ దగ్గర ప్లాటు కొందామని కొడుకు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: బామ్మర్ది లెక్క ప్రకారం 14 లక్షలకు నెలకు 28 వేలు. మీ బేసిక్ జీతం కన్నా ఎక్కువ! కానీ బ్యాంకులో అప్పు పుట్టనివాడే ఆ వడ్డీకి తీసుకుంటాడు. కొన్ని నెలలు ఠంచనుగా ఇస్తాడు, ఆ తర్వాత ‘వడ్లు అమ్మినంక ఇస్త’ అంటాడు. ప్రామిసరీ నోటు రాసి మూడేళ్లు దాటితే, మధ్యలో చెల్లు రాయించుకోకపోతే, కోర్టులో దావా కూడా నిలవదు. మధ్యలో బామ్మర్ది ఉంటే గట్టిగా అడగనూ లేరు. ఈ వయసులో అసలు పోతే మళ్లీ కూడబెట్టడం కష్టం.

ప్లాటు సంగతికొస్తే, హైదరాబాద్ చుట్టూ రాబోయే రీజినల్ రింగ్ రోడ్డు పేరు చెప్పి అటువైపు చాలామంది అమ్ముతున్నారు. ధర పెరగొచ్చు, పెరగకపోవచ్చు. మీకు కావాల్సింది నెలనెలా చేతికొచ్చే డబ్బు. అబ్బాయికి అంత నమ్మకముంటే తన జీతంతో, తన లోనుతో కొనుక్కోమనండి.

మీరు రాయనిది ఒకటుంది, గ్రాట్యుటీ. అంటే ఏళ్ల తరబడి పని చేసినందుకు ఉద్యోగం మానేటప్పుడు యజమాని ఇచ్చే సొమ్ము. బేసిక్‌ను 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. మీకు 3 లక్షల పైనే వస్తుంది. మిల్లువాళ్లు ఆ మాట ఎత్తకపోతే మీరే అడగండి, అది మీ హక్కు.

మొత్తం 17 లక్షలు అనుకుందాం. అందులో 12 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టండి. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, చేరిన రోజున్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. మూడు నెలలకోసారి 24,600, అంటే నెలకు 8,200. మామూలుగా 60 నిండాలి గానీ, 55 దాటి రిటైరైనవాళ్లు ఆ డబ్బు అందిన మూడు నెలల్లోపు చేరొచ్చు. ఖాతా భార్యతో కలిపి జాయింటుగా తీయండి. మీ తర్వాత పీఎఫ్ పెన్షన్ ఆమెకు సగమే వస్తుంది కాబట్టి ఇది ముఖ్యం. 3 లక్షలు ఆస్పత్రి ఖర్చులకని బ్యాంకులో డిపాజిట్ చేయండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల వరకు ఆదుకుంటుంది, అయినా చేతిలో కొంత ఉండాలి. మిగిలిన 2 లక్షలు పదేళ్లు ముట్టకుండా ఉండగలిగితేనే హైబ్రిడ్ (కొంత షేర్లలో, కొంత బాండ్లలో పెట్టే) మ్యూచువల్ ఫండులో వేయండి.

పెన్షన్‌తో కలిపి 12 వేల చిల్లర అవుతుంది. ఇంకా ఐదారు వేలు తక్కువ. బత్తాయి మీద ఏటా 70 వేలు మిగులుతుందా? ఒక మంచి ఏడాది లెక్క కాదు, గత ఐదేళ్ల సగటు తీయండి. పైగా ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఈ 18 వేల ఖర్చు పన్నెండేళ్లకు 36 వేలవుతుంది. కాబట్టి ఒంట్లో ఓపికుంటే, మిల్లువాళ్లు ఒప్పుకుంటే 60 దాకా చేయండి. పెన్షన్ అప్పటిదాకా తీసుకోకుండా ఆపితే ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. ఇంట్లో ఏం తోచదన్న టెన్షన్ కూడా ఉండదు. ఆ తర్వాత తోట చూసుకోండి, కానీ ఈ డబ్బుతో మాత్రం కొత్త బోరు వేయించకండి. నల్లగొండలో బోర్లు ఎంతమందిని ముంచాయో మీకు నేను చెప్పాలా?

ఈలోపు పీఎఫ్ ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో, నామినీగా భార్య పేరు ఉందో చూసుకోండి. తప్పులుంటే ఉద్యోగంలో ఉండగానే దిద్దించుకోవడం తేలిక.