ఇంజను విప్పే ముందు రెండు వారాలు ఆగు, తల్లీ

హనుమకొండ

చిట్టితల్లికి పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోను పెట్టేసినప్పటి నుంచి నా మనసంతా ఆ బండి మీదే ఉంది. 1,80,000 కిలోమీటర్లు తిరిగిన కారు ఆయిల్ తాగుతోందని, ఇంజను పని చేయించాల్సిందేనని, 40,000 రూపాయలు అవుతుందని మెకానిక్ చెప్పాడన్నావు. ఎంత తాగుతోందని అతను అడగలేదు, నువ్వూ కొలవలేదు. నాడి పట్టకుండానే ఆపరేషన్‌కు ఒప్పుకుంటావా? ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనీ. ముందు కొలుద్దాం.

పాత ఇంజను కొంత ఆయిల్ తాగడం రోగం కాదు. కొన్ని కంపెనీలు బండితో ఇచ్చే పుస్తకంలో 1,000 కిలోమీటర్లకు అర లీటరు, మరికొన్ని లీటరు దాకా మామూలేనని రాస్తాయి. నా లెక్కలో లీటరు ఎక్కువే. పావు లీటరు, 300 మిల్లీలీటర్లు అయితే మాత్రం ఈ వయసు బండికి నేను పానా పట్టను. నువ్వు రోజూ ములుగు బడికి వెళ్లి వస్తే సుమారు 100 కిలోమీటర్లు. అంటే పది పనిదినాల్లో నీకు లెక్క తేలిపోతుంది.

కొలిచే పద్ధతి చెబుతాను. పొద్దున బండి స్టార్ట్ చేయకముందు, చదునైన చోట, ప్రతిసారీ అదే చోట చూడాలి. మీ వాకిలి ముందు గచ్చు వీధి వైపు వాలుగా ఉంటుంది, అక్కడ వద్దు. ఆయిల్ మట్టం చూపే కర్ర, అదే డిప్‌స్టిక్, బయటికి లాగి పాత నూలు గుడ్డతో శుభ్రంగా తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, మళ్లీ లాగి చూడు. మొదటిసారి లాగినప్పుడు కనిపించేది నమ్మవద్దు, గొట్టం గోడలకు అంటిన ఆయిల్ కూడా కర్రకు పూసుకుని వస్తుంది. కింది గీతకూ పై గీతకూ మధ్య చాలా బళ్లలో సుమారు లీటరు తేడా ఉంటుంది. పై గీత దాకా నింపి, కిలోమీటర్లు రాసుకో. తగ్గినప్పుడల్లా కొలత గ్లాసుతో 200 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ రాయి. పై గీత దాటనివ్వకు. మరీ ఎక్కువైతే ఇంజను అడుగున తిరిగే ఇరుసు, అదే క్రాంకు, ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, అదీ ఇంజనుకు చేటే.

ముందు డ్యాష్‌బోర్డు అరలో మీ నాన్న నీలం సిరాతో రాసుకున్న సర్వీసు పుస్తకం తీసి చూడు. ఎప్పుడు ఎంత ఆయిల్ పోశాడో తేదీతో, కిలోమీటర్లతో సహా రాసేవాడు. 1,40,000 దగ్గర నుంచీ నెలకు ఇంత అని పోస్తూనే ఉన్నట్టు గుర్తు. ఆ లెక్కకూ నీ లెక్కకూ తేడా లేకపోతే కొత్తగా వచ్చిన జబ్బు ఏదీ లేనట్టే. ఉన్నట్టుండి రెట్టింపయితే అప్పుడు వెతకాలి.

వెతకడం కింది నుంచి మొదలుపెట్టు. రాత్రి ఇంజను కింద పెద్ద అట్టముక్క పరిచి పొద్దున చూడు. మరకలుంటే ఆయిల్ కాలిపోవడం లేదు, కారుతోంది. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి (చాంబర్) బోల్టు వాషరో, పై మూత (హెడ్ కవర్) ప్యాకింగో అయితే చిన్న ఖర్చుతో పోతుంది. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్యనున్న సీలైతే గేర్‌బాక్సు దించాలి కాబట్టి కూలి పెరుగుతుంది, అయినా అది ఇంజను పని కాదు.

అట్ట పొడిగా ఉంటే పొగ చూడాలి. మీ తమ్ముణ్ణి స్టార్ట్ చేయమని నువ్వు వెనక నిలబడు. చలికాలం పొద్దున కనిపించి వెంటనే మాయమయ్యే తెల్లటిది నీటి ఆవిరి, దానికి భయం లేదు. నీలంగా ఉండి, గాలిలో కాసేపు నిలిచి, మాడిన నూనె వాసన కొట్టేదే ఆయిల్ పొగ. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ కాగానే గుప్పున వచ్చి తగ్గిపోతే, సిలిండర్‌లోకి గాలిని, బయటికి పొగను వదిలే వాల్వుల సీళ్ల మీద అనుమానం. అవి రబ్బరువి, ఏళ్ల తరబడి వేడికి బిరుసెక్కి వాల్వు కాడను గట్టిగా పట్టుకోలేక ఆయిల్‌ను లోపలికి జారనిస్తాయి. ములుగు దారిలో గట్టమ్మ గుడి దగ్గర దిగుడులో యాక్సిలరేటర్ మీద కాలు తీసి దిగి, మళ్లీ తొక్కినప్పుడు వెనక పొగ వచ్చినా అనుమానం వాటి మీదే. చాలా ఇంజన్లలో పైభాగం (హెడ్) దించకుండానే సీళ్లు మార్చవచ్చు.

బరువు మీద లాగినంతసేపూ పొగ వస్తూ, పికప్ కూడా తగ్గితే రింగుల సంగతి. సిలిండర్‌లో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌కు మూడు రింగులుంటాయి. అడుగుది సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది. దాని వెనకనున్న సన్నటి రంధ్రాలు మసితో పూడితే ఆయిల్ పైకెక్కి కాలిపోతుంది. ఇంజను తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తే పొగ తన్నుకొస్తుంది, మన మెకానిక్‌లు దాన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. అయితే ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకో. ఇంజను లోపలి ఆవిరిని బయటికి పంపే చిన్న పీసీవీ వాల్వు పూడుకున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కొన్ని వందల రూపాయల ఆ వాల్వు మార్చకుండా ఎవరినీ ఇంజను మీద చెయ్యి వేయనివ్వకు.

అప్పటికీ తేలకపోతే కంప్రెషన్ పరీక్ష చేయించు. ప్లగ్గు విప్పి, మీటరు పెట్టి సిలిండర్‌లో ఒత్తిడి కొలిచి, తర్వాత సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. రెండోసారి అంకె బాగా పెరిగితే అరిగినవి రింగులో, సిలిండర్ లోపలి గోడో (బోరు). పెరగకపోతే లోపం పైన, వాల్వుల దగ్గర. అంకెలు నీ కళ్ల ముందే కాగితం మీద రాయించుకో. ఆ కాగితం లేకుండా ఇంజను పనికి ఒప్పుకోకు.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే నువ్వూ డ్యాష్‌బోర్డు మీది ఎర్ర ఆయిల్ దీపాన్ని నమ్ముకుని ఉన్నట్టు మాట్లాడావు. 1998లో మేడారం జాతరకు పాత జీపులో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయలుదేరాను. వారం రోజులుగా ఆయిల్ చూడలేదు. దారిలో పస్రా ఊరు దాటాక మలుపు తిరిగినప్పుడల్లా ఆయిల్ దీపం ఒక్క క్షణం వెలిగి ఆరింది. వైరు వదులైందనుకున్నాను. చాంబర్‌లో అడుగంటిన ఆయిల్ మలుపులో పక్కకు ఒరిగి, పంపు గాలి పీలుస్తోందని తట్టలేదు. కాసేపటికి టకటకమని చప్పుడు, ఆ తర్వాత ఇంజను పట్టేసింది. ఆ రాత్రి మీ నాన్నమ్మ అడవి దారి పక్కన దుప్పటి పరుచుకుని పడుకుంది. తెల్లారాక మీ నాన్న ట్రాక్టరు తెచ్చి లాక్కెళ్లాడు. క్రాంకు గ్రైండింగ్, కొత్త బేరింగులు, రెండు నెలల సంపాదన. ఆ దీపం చూపేది ఆయిల్ ఒత్తిడిని, మట్టాన్ని కాదు. అది వెలిగేసరికే చాలా ఆలస్యమవుతుంది. ఎప్పుడైనా వెలిగితే బడికి ఆలస్యమైనా సరే, అక్కడే పక్కకు తీసి ఇంజను ఆపి నాకు ఫోను చెయ్యి. ఆయిల్ తాగడం వల్ల పాడైన ఇంజన్ల కంటే, తాగిందని చూసుకోకుండా నడిపి పాడుచేసుకున్నవే నేను ఎక్కువ చూశాను.

చిక్కటి 20డబ్ల్యూ-50 గ్రేడు ఆయిల్ పోస్తే పొగ ఆగుతుందని నీకు ఎవరో చెప్పారట. బండి పుస్తకంలో ఏ గ్రేడులు రాశారో వాటిలోనే కాస్త చిక్కనిది మన ఎండలకు వాడుకోవచ్చు, అది దాటవద్దు. పొగ తగ్గిస్తామనే డబ్బా మందుల జోలికి పోకు. మధ్యలో పోస్తున్నాం కదా అని ఆయిల్ మార్చే గడువు దాటించవద్దు, ఫిల్టరు పాతబడుతూనే ఉంటుంది. డిక్కీలో అదే గ్రేడు లీటరు డబ్బా ఒకటి, గరాటు ఒకటి ఎప్పుడూ ఉంచు.

రెండు వారాలయ్యాక ఆదివారం బండి వేసుకుని రా. సర్వీసు పుస్తకం, అట్టముక్క రెండూ తీసుకురా. సీళ్ల పనే అయితే ఇద్దరం ఆటోనగర్‌కు వెళ్దాం, విప్పినంతసేపూ నేను పక్కనే కూర్చుంటాను.

మీ పెద్దనాన్న