రాజీనామా రాసిమ్మంటున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నెల్లూరులో ఒక పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీ బ్రాంచిలో ఆరేళ్ల ఎనిమిది నెలలుగా బిల్లింగ్ కౌంటర్‌లో చేస్తున్నాను. జీతం నెలకు రూ.20,800. అందులో బేసిక్, డీఏ కలిపి రూ.9,100. అమ్మకాలు పడిపోయాయని నెలాఖరుకు 18 మందిని తీసేస్తున్నారు. అందరినీ రాజీనామా రాసిమ్మంటున్నారు. రాస్తేనే రిలీవింగ్ లెటరు, సెటిల్‌మెంటు అంటున్నారు. పండగ పూట కూడా ఇంట్లో లేకుండా పనిచేశాం. ఇప్పుడు మా అంతట మేమే పోతున్నట్టు రాయాలా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, నెల్లూరు

జవాబు: రాయకండి. మీ కోపం న్యాయమైనది. ఆ కాగితం అంత గట్టిగా అడగడానికి కారణం కూడా ఉంది. పని తగ్గి కంపెనీ తీసేస్తే చట్టం దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటుంది, దానికి పరిహారం కట్టాలి. మీరే మానేసినట్టు రాసిస్తే ఆ పరిహారం పోతుంది. చేసిన రోజుల జీతం, మిగిలిన సెలవుల డబ్బు, పీఎఫ్, గ్రాట్యుటీ (ఏళ్ల సర్వీసుకు కంపెనీ ఇచ్చే మొత్తం) రాజీనామా చేసినా వస్తాయి. అంటే ‘రాస్తేనే సెటిల్‌మెంటు’ అని వాళ్లు ఆశ పెడుతున్నది ఎటూ మీకు రావలసిన డబ్బుకే.

ఎంత పోతుందో లెక్క చూడండి. నెల ముందు నోటీసు ఇవ్వకపోతే ఒక నెల జీతం, రూ.20,800. సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి మీది ఏడేళ్లు. చివరి మూడు నెలల సగటు రూ.20,800 అయితే అందులో సగం 10,400; ఏడేళ్లకు రూ.72,800. రెండూ కలిపి రూ.93,600. ఒక్క సంతకంతో వదులుకునే మొత్తం ఇది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ 15 రోజుల సూత్రాన్నే 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంచారు; అయితే కొత్త కోడ్ కొన్ని అలవెన్సులను వేతనంలో కలపదు కాబట్టి మొత్తం ఇంతకన్నా తగ్గవచ్చు. తీసేసిన ప్రతి కార్మికుడికీ మరో 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకునే) నిధి కింద ఇవ్వాలని కొత్త కోడ్ చెబుతోంది. అది కూడా అడగండి.

గ్రాట్యుటీలో ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే నష్టపోతున్నారు. పాత పద్ధతిలో బేసిక్, డీఏ మాత్రమే తీసుకునేవారు: 9,100ను 26తో భాగించి, 15తో, ఏడేళ్లతో గుణిస్తే రూ.36,750. కొత్త కార్మిక కోడ్‌ల నిర్వచనంలో అలవెన్సులు మొత్తం జీతంలో సగం మించితే, మించిన భాగాన్ని వేతనంలో కలపాలి. మీ వేతనం 10,400గా లెక్కకు వస్తుంది, గ్రాట్యుటీ రూ.42,000 అవుతుంది. తేడా రూ.5,250. ఏ వేతనం మీద లెక్క వేశారో హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

మీ జీతం రూ.21,000 లోపు కాబట్టి ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) ఉండాలి. రిట్రెంచ్‌మెంట్‌తోనో, సంస్థ మూతతోనో ఉద్యోగం పోయి, కనీసం రెండేళ్లు చందా కట్టి ఉంటే రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ్ యోజన కింద నిరుద్యోగ భృతి అడగవచ్చు. మొదటి ఏడాది సగటు వేతనంలో 50 శాతం, రెండో ఏడాది 25 శాతం. రాజీనామా చేసినవారికి ఇది లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లల ఫీజులున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఇక చేయాల్సిన పని. ‘రాజీనామా చేయడం లేదు, తొలగిస్తే కారణంతో ఉత్తర్వు ఇవ్వండి’ అని ఈ రోజే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, అదే ప్రతిని స్పీడ్ పోస్టులో పంపండి. హాజరు, షిఫ్టు చార్టు, జీతం స్లిప్పులు, ఐడీ కార్డు ఫొటోలు తీసి ఇంటివాళ్ల ఫోన్‌లోకి పంపుకోండి. లాగిన్ తీసేశాక ఏదీ దొరకదు. గదిలో కూర్చోబెట్టి బలవంతంగా సంతకం పెట్టిస్తే, ఎవరి ముందు ఎన్ని గంటలకు పెట్టించారో రాసి ఆ రాజీనామాను ఉపసంహరిస్తున్నట్టు ఆ రోజే మెయిల్ చేయండి. వారం తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. ఆపై మీ కార్మిక శాఖ అధికారికి 18 మందీ కలిసి ఫిర్యాదు ఇవ్వండి. ఒకే రోజు, ఒకే మాటలతో 18 రాజీనామాలు అడిగారంటే అదే సాక్ష్యం. వివాదం తలెత్తిన రెండేళ్లు దాటాక ఆ శాఖ జరిపే రాజీ ప్రక్రియకు ఫిర్యాదు తీసుకోరు.

ఒకే రకం పనిలో చివర చేరినవారిని ముందు తీయాలి. అలా చేయకపోతే కారణం రాసిపెట్టాలి. ఏడాదిలోపు మళ్లీ మనుషులను తీసుకుంటే మీకే మొదటి అవకాశం ఇవ్వాలి.

ప్రశ్న: ఫ్లోర్ ఇన్‌ఛార్జిని, జీతం రూ.25,000. తీసేసిన తర్వాత స్టాకు తక్కువ వచ్చిందని సెటిల్‌మెంటులో, గ్రాట్యుటీలో రూ.38,000 కోత వేశారు. పైగా నేను కార్మికుడిని కానంటున్నారు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు ఆ స్టాకు తనిఖీ నివేదిక నకలు అడగండి: ఏ తేదీన, ఏ విభాగంలో, ఏ సరుకు, ఎవరి సంతకం. మీ కస్టడీలో ప్రత్యేకంగా అప్పగించిన సరుకు, మీ నిర్లక్ష్యం వల్లే పోతేనే జీతంలో కోయవచ్చు. అదీ మీ వివరణ విన్నాకే. గడువు తీరిన ప్యాకెట్లు, ఎలుకలు కొట్టిన బస్తాలు, కస్టమర్ల దొంగతనాలు మీ ఖాతాలో వేయడానికి లేదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం మించకూడదు. గ్రాట్యుటీని అసలు ముట్టుకోకూడదు. ఆ నష్టానికే మిమ్మల్ని డిస్మిస్ చేసి ఉంటే తప్ప ఆపడానికి వీల్లేదు, అప్పుడూ నష్టం మేరకే. అమ్మకాలు తగ్గాయని తీసేసి దొంగలెక్క మీ మీద పెట్టడం అన్యాయం, ఊరుకోకండి. తొలగించిన రెండు పనిదినాల్లో జీతం బాకీ మొత్తం చెల్లించాలని వేతనాల కోడ్ అంటోంది.

కార్మికుడి మాటకొస్తే, సూపర్‌వైజరీ పనిలో రూ.18,000 దాటితే పారిశ్రామిక సంబంధాల కోడ్ కిందికి రారు. కానీ చూసేది హోదా పేరు కాదు, రోజూ చేసే పని. సెలవు మంజూరు చేసే, చర్య తీసుకునే అధికారం మీకు లేకుండా, ఎక్కువ సమయం సర్దడం, బిల్లు కొట్టడం, సరుకు దింపించుకోవడంలోనే గడిస్తే మీరు కార్మికుడే. మేనేజరు వాట్సాప్ గ్రూపులో మీకు చెప్పిన పనుల మెసేజీలు దాచుకోండి. గ్రాట్యుటీకి ఈ పరిమితి వర్తించదు.

‘పూర్తిగా ముట్టింది’ అన్న కాగితం మీద సంతకం పెట్టక తప్పకపోతే, ‘అందింది ఇంత మాత్రమే, మిగతా హక్కులు వదులుకోలేదు’ అని పక్కన మీ చేత్తో రాసి ఫొటో తీసుకోండి.

ప్రశ్న: కావలి బ్రాంచి నుంచి భువనేశ్వర్‌కు బదిలీ చేశారు, వారంలో చేరమన్నారు. వెళ్లకపోతే?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: చెప్పకుండా ఇంట్లో కూర్చోవడం ఒక్కటే చేయకూడదు, విధులు వదిలేశారని రాసుకుంటారు. నియామక పత్రంలో ఎక్కడికైనా బదిలీ చేయవచ్చని ఉందో లేదో చూడండి. ఉంటే ప్రయాణ ఖర్చు, గడువు, అక్కడ ఏ ఖాళీ ఉందో మెయిల్‌లో అడగండి. లేకపోతే అభ్యంతరం రాసి, పాత బ్రాంచికి రోజూ హాజరవుతూ గేటు దగ్గర ఫొటో తీయండి. కార్మిక శాఖకు వెంటనే ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: మూడు నెలలుగా జీతం లేదు. కంపెనీ దివాలా ప్రక్రియలో ఉందట. పీఎఫ్ కూడా కట్టలేదు.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: దివాలా కోర్టు కేసును స్వీకరించగానే కంపెనీపై వసూలు కేసులు ఆగిపోతాయి. కాబట్టి మీ క్లెయిము రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు (దివాలా ప్రక్రియ నడపడానికి నియమించిన వ్యక్తికి) చేరాలి. ఉద్యోగులకు ఫారం ‘డి’. నియామకం నుంచి 14 రోజులు మొదటి గడువు. దాటినా కనీసం 90 రోజుల వరకు తీసుకుంటారు. నెలవారీ బాకీ, బ్యాంకు స్టేట్‌మెంటు, నియామక పత్రం జత చేయండి. లిక్విడేషన్‌కు (కంపెనీ ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే దశకు) వెళితే అంతకు ముందరి 24 నెలల కార్మికుల బాకీలు తాకట్టు రుణదాతలతో సమానంగా, ఇతర ఉద్యోగుల 12 నెలల బాకీలు ఆ తర్వాత వస్తాయి. పీఎఫ్ నిధి, గ్రాట్యుటీ నిధి పంచే ఆస్తిలో కలవవు. ప్రక్రియ నడిచే కాలంలో జీతం రావాలంటే నిజంగా పనిచేసినట్టు చూపాలి. స్టోరు తెరిచి ఉన్నంతకాలం హాజరు ఆధారం వదలొద్దు. ఓపిక కూడా కావాలి: బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ 2022 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళితే, లిక్విడేషన్ ఉత్తర్వు 2024 జూలైలో వచ్చింది.

పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఏ నెలలు ఖాళీయో రాసుకోండి. మీ జీతంలో 12 శాతం కోసి కట్టలేదంటే అది నేరం. స్లిప్పులతో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి, లేదా ప్రతి నెలా 27న జిల్లాలో జరిగే ‘నిధి ఆప్‌కే నికట్’ శిబిరానికి వెళ్లండి. కంపెనీ మీ నిష్క్రమణ తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా నుంచి రెండు నెలలయ్యాక యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) పోర్టల్‌లో మీరే ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కవచ్చు. వకీలుకు డబ్బు లేదని ఆగకండి. మహిళలకు ఆదాయ పరిమితి లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

ప్రశ్న: మూడేళ్ల సర్వీసు. ఉద్యోగం తీసేశాక పీఎఫ్ తీస్తే పది శాతం పన్ను కోశారు. సరైనదేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఐదేళ్లు నిండకుండా రూ.50,000, ఆపైన తీస్తే టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోస్తారు. అయితే యజమాని వ్యాపారం తగ్గిపోవడం, మూతపడడం వంటి మీ చేతిలో లేని కారణంతో ఉద్యోగం పోతే ఆ మొత్తానికి పన్ను లేదు. తొలగింపు ఉత్తర్వులో ఆ కారణం రాయించుకుని, రిటర్ను వేసి రీఫండ్ కోరండి. మరో చోట పని దొరికితే మాత్రం డబ్బు తీయకుండా ఖాతా బదిలీ చేసుకోవడమే మంచిది. పింఛనుకు కావలసిన పదేళ్ల సర్వీసు అలాగే కూడుతుంది.