ఎస్‌యూవీ టైర్లలో గాలి ఎంత ఉండాలి? టైరు మీద ఉన్న అంకె చూసి కొట్టించవచ్చా?

వద్దండీ. టైరు పక్కన అచ్చు వేసి ఉండేది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం. మీ బండికి కావలసిన అంకె డ్రైవర్ డోర్ తెరిస్తే, ఆ అంచున ఉండే స్టిక్కర్ మీద ఉంటుంది. ముందు, వెనక టైర్లకు వేర్వేరుగా ఉండొచ్చు. ఇంటిల్లిపాదీ సామానుతో బయలుదేరేటప్పుడు వెనక టైర్లకు ఇంకాస్త ఎక్కువ కావాలి. చాలా బండ్లలో ఆ అంకె కూడా అక్కడో, మాన్యువల్‌లోనో ఇస్తారు.

ఎక్కువమంది పొరబడేది ఎప్పుడు చూడాలన్న దగ్గరే. బండి కనీసం 3 గంటలు ఆగి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నడిచిన టైరులో గాలి వేడెక్కి పీడనం 4, 5 పీఎస్ఐ (గాలి పీడనాన్ని కొలిచే యూనిట్) దాకా పెరుగుతుంది. ఎక్కువైందనుకుని అప్పుడు గాలి తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. అలా తగ్గిన గాలితో వేగంగా వెళ్తే టైరు పక్కగోడలు ఎక్కువగా వంగి, లోపల వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి కదా, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

వాతావరణం 5, 6 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. అందుకే చలికాలంలో డ్యాష్‌బోర్డు మీద టైరు లైటు వెలుగుతుంది. టెన్షన్ వద్దు, కొట్టించండి. ఆ లైటు మీదే ఆధారపడొద్దు, చాలా బండ్లలో అది బాగా తగ్గాకే వెలుగుతుంది. గాలి పీడనం కొలిచే సొంత గేజ్‌తో నెలకోసారి చూడండి, స్టెప్నీతో సహా.