పూడిక మట్టిలో తాబేలు దొరికింది, ఇంట్లో పెంచుకోవచ్చా?

మీ ఊరి చెరువులో పూడిక తీస్తుంటే మట్టిపెళ్లలోంచి తాబేలు బయటపడిందని, కదలట్లేదని, టబ్బులో వేసి పెంచుకుంటే ఏం పెట్టాలని అడిగారు. వద్దండీ. ముఖ్యంగా టబ్బు నిండా నీళ్లు పోసి అందులో వేయకండి. చిన్నప్పుడు నేను చేసింది సరిగ్గా అదే.

మాది నల్గొండ వైపు పల్లె. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక మే నెలలో, చెరువు ఎండి నెర్రెలు బారిన రోజుల్లో, పొలానికి ఒండ్రు తవ్వుతుంటే మా నాన్న పార కింద ఒకటి దొరికింది, చూడ్డానికి బురద పట్టిన అన్నం పళ్లెంలా ఉంది. చచ్చిందనే అనుకున్నాం. నేను ఊరుకోకుండా తెచ్చి గోలెంలో వేశా. రెండు రోజులకు కదిలేసరికి నా సంబరం అంతా ఇంతా కాదు, అన్నం మెతుకులు, తోటకూర, రొట్టె ముక్కలు ఏది వేసినా మూతి పెట్టలేదు, నీళ్లు మాత్రం కంపు కొట్టాయి. వారం తిరక్కుండానే ఒక రాత్రి అంచు దాటి పారిపోయింది. పొద్దున వెతికితే జాలారు వెనక బురదలో దూరి ఉంది. "పండుకున్నదాన్ని లేపుకొచ్చి తిను తిను అంటే తింటదారా?" అని మా నాయనమ్మ తిట్టింది. నిజానికి జరిగింది అదే.

మన చెరువుల్లో ఎక్కువగా కనిపించేది ఫ్లాప్‌షెల్ తాబేలు. పొట్ట వైపు తిప్పి చూస్తే వెనక కాళ్ల దగ్గర రెండు చర్మపు మూతలుంటాయి, కాళ్లు లోపలికి లాక్కోగానే అవి తలుపుల్లా మూసుకుంటాయి. పైడొప్ప మీద గట్టి పలకలు కాకుండా నున్నటి చర్మం ఉంటుంది. ఉత్తరాది రకానికి పసుపు చుక్కలుంటాయి, మన దక్షిణాది దానికి ఉండవు, కాబట్టి ఇంటర్నెట్‌లో ఫొటోతో పోల్చి ఇది వేరే జాతి అనుకోకండి. 2020లో ఒడిశాలోని బాలాసోర్ జిల్లాలో దొరికిన పసుపు రంగు తాబేలు గుర్తుందా, అదీ ఈ జాతిదే, రంగు లోపంతో పుట్టింది.

నీళ్లు ఇంకిపోతే ఇది బురదలోకి దూరి, ఒంట్లో పనులన్నీ బాగా తగ్గించుకుని, తిండి లేకుండా వానల దాకా గడిపేస్తుంది. మీరు చూసింది చావు కాదు, ఆ నిద్రే అయ్యుండొచ్చు. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం నత్తలు, కప్పలు, చేపలు, నీటి మొక్కలు, చచ్చిన జీవాలు అన్నీ తింటుంది, చెరువును శుభ్రం చేసే పని సగం దానిదే అనిపిస్తుంది నాకు. గుడ్లు మాత్రం గట్టున మట్టిలో పెడుతుంది, గుండ్రంగా, గట్టి పెంకుతో ఉంటాయి.

ఇంకో సంగతి, ఇది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. ముద్దుగా పెంచుకున్నా నేరమే, శిక్ష 3 ఏళ్లకు తగ్గదు. మా రోజుల్లో ఇవన్నీ ఎవరికీ తెలీదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, తడి గోనెసంచి కప్పి నీడలో పెట్టి అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయడం. డొప్ప పగిలితే అది కూడా చెప్పండి. ఎత్తేటప్పుడు డొప్ప వెనక భాగం పట్టుకోండి, మెడ మీరనుకున్న దానికంటే పొడుగ్గా సాగుతుంది, ఉడుంపట్టు కాదు గానీ కొరికితే మాత్రం వేలు వాచిపోతుంది (అనుభవం!). తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. అన్నట్టు డొప్ప ఎత్తుగా, నక్షత్రాల్లాంటి గీతలతో ఉంటే అది నక్షత్ర తాబేలు, శ్రీకూర్మం గుడిలో చూస్తుంటాం కదా, అది మెట్ట జీవి, పుణ్యమని నీళ్లలో వదిలితే మునిగి చస్తుంది.

ఒకటి దొరికిందంటే ఆ మట్టిలో ఇంకొన్ని ఉండే అవకాశం ఉంది. ట్రాక్టర్లో పోసేముందు బకెట్ ఒకసారి చూసుకోమని జేసీబీ అతనికి ఇవాళే చెప్పండి.