చొక్కా జేబులో మొలకెత్తిన పత్తి గింజలు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బావగారి పేరున ఉన్న ఆరెకరాలు ఏడేళ్లుగా మేమే సాగు చేస్తున్నాం. ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. మొంథా తుపాను వానకు పత్తంతా పోయింది. పెట్టుబడికి నా పుస్తెలతాడు కుదువ పెట్టాం. మిగతా అప్పులు ఎంతో నాకు తెలియదు. ఎకరాకు 10,000 రూపాయల పరిహారం అంటున్నారు. పాసుపుస్తకం బావగారిది కాబట్టి డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుందని నా భయం. మా ఆయన అడగరు. ‘మీకు చేతకాకపోతే నేనే అడుగుతాను’ అన్నాను. వాన పడ్డప్పటి నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదు. పడక బావి దగ్గరికి మార్చారు. మొన్న చొక్కా ఉతుకుతుంటే జేబులో మొలకెత్తిన పత్తి గింజలు దొరికాయి. బావగారికి నేనే ఫోన్ చేయవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఎక్కువ భాగం బావగారి గురించే. మీ ఆయన గురించి నాలుగు ముక్కలు రాశారు. నేను ఆ నాలుగు ముక్కల దగ్గరే ఆగిపోయాను.

బావగారిని అడగవచ్చు. కష్టం మీది, నష్టం మీది, ఆ 60,000 మీకు రావలసిన డబ్బు. 2018లో రైతుబంధు మొదలైనప్పటి నుంచి పెట్టుబడి సాయం పట్టా ఉన్నవారికే వెళుతుంటే ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నారో నాకు అర్థం కాదు. కానీ ఆ ఫోన్ ఈ వారం వద్దు, మీ ఆయనకు తెలియకుండా అసలే వద్దు. ఆ సంగతి పక్కన పెట్టండి.

అక్టోబరు 28 రాత్రి తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటితే, ఎక్కడో ఉన్న నల్లగొండ చెలకలకు ఏమవుతుందిలే అనుకున్నాం. మరునాడు చూశాం. తడిసిన పత్తిని ఆరబెట్టుకోవచ్చు కదా అంటారు పట్నంవాళ్లు. కాయలోనే గింజ మొలకెత్తాక ఆరబెట్టడానికి ఏముంటుంది? తేమ 12 శాతం దాటితే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. ఆ గింజలను పారేయకుండా మీ ఆయన జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. పోయిన పంటకు రాత్రిపూట కాపలా ఎందుకమ్మా? మీ మెడలో పసుపుతాడు చూడలేక ఆయన బావి దగ్గర పడుకుంటున్నారని నా నమ్మకం.

అలాంటి మనిషిని మీరు చేతకానివాడన్నారు. కోపంలో వచ్చిన మాటే, కాదనను. భర్త ఏం చేసినా భరించమని నేను ఎవరికీ చెప్పను. తాగి కొట్టేవాడితో సర్దుకుపొమ్మని ఇంతవరకు ఒక్కరికీ రాయలేదు. కానీ ఈయన మీకు ఏ ద్రోహమూ చేయలేదు, మీ ముందు ఓడిపోయాననుకుని కుమిలిపోతున్నారు. ఆ మాట మీరే వెనక్కి తీసుకోవాలి.

రేపు పగలే బావి దగ్గరి కొట్టంలో ఉన్న పురుగుమందు డబ్బాలు, గడ్డిమందు సీసాలు తీసేసి, నమ్మకమైన వాళ్లింట్లో తాళం వేయించండి. అవి చేతికందే దూరంలో ఉండి మన జిల్లాలో ఎన్ని కొంపలు మునిగాయో మీకూ తెలుసు. రాత్రి అన్నం డబ్బా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. సూటిగా అడగండి, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది. అవునన్నా, జవాబు చెప్పకపోయినా, ఒక్క రాత్రి కూడా ఒంటరిగా వదలకండి. మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. పిచ్చి డాక్టరు దగ్గరికా అని అత్తమ్మ గొణిగితే గొణగనివ్వండి.

ఆయన కాస్త తేరుకున్నాక ఎవరికెంత బాకీ ఉన్నారో ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి. ఆ కాగితంతోనే ఇద్దరూ కలిసి బావగారింటికి వెళ్లండి. ఆయన మంచివాడో కాదో అప్పుడు తెలుస్తుంది. వచ్చే పంటకు మాత్రం కౌలు రాతపూర్వకంగా లేకుండా నాగలి కట్టకండి.

దొరికిన గింజలను ఏం చేశారో రాయలేదు. దాచి ఉంటే, రాత్రి వెళ్లేటప్పుడు వాటిని కొంగున ముడివేసుకుని వెళ్లి ఆయన చేతిలో పెట్టండి.