అమెరికా కాలేజీకి పంపే అప్లికేషన్ వ్యాసం ఎలా ఉండాలి?

అనంతపురంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నానని, అమెరికా కాలేజీల అప్లికేషన్ వ్యాసంలో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉందని అడిగారు.

మనకు ర్యాంకు చూసి సీటివ్వడమే అలవాటు. అక్కడ చాలా కాలేజీలు మార్కులతో పాటు మనిషినీ చూస్తాయి. కామన్ యాప్‌లో (ఒకే అప్లికేషన్‌ను చాలా కాలేజీలకు పంపుకునే వెబ్‌సైట్) అయితే ప్రధాన వ్యాసం 250 నుంచి 650 పదాల్లోపే ఉండాలి. అంత తక్కువ చోటులో జీవితమంతా పట్టదు, ఒక్క సంగతి తీసుకోండి.

"చిన్నప్పటి నుంచీ సైన్స్ అంటే ప్రాణం" అని మొదలుపెట్టకండి, అది ఎవరైనా రాస్తారు. మీకు చీనీ తోట ఉందనుకోండి. డ్రిప్ పైపుల్లో తెల్లగా ఉప్పు పేరుకుని చుక్కలు ఆగిపోయాయి. ఎండలో కూర్చుని గుండుసూదితో ఒక్కో రంధ్రం పొడిచారు. కొన్నాళ్లకే మళ్లీ మూసుకుపోయాయి. అప్పుడు బోరు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి కెమిస్ట్రీ సార్‌ను అడిగారు. అదిగో, అది రాయండి! ఏం చేశారో కొంచెం చాలు. ఎక్కడ పొరబడ్డారు, తర్వాత మీ ఆలోచన ఎలా మారింది అన్నదానికే ఎక్కువ చోటివ్వండి.

మన సీమ కరువు నిజమే, దాచక్కర్లేదు. కానీ జాలి కోసం రాయొద్దు, ఆ కష్టంలో మీరేం చేశారో కనబడాలి. మార్కులు, సర్టిఫికెట్లు అప్లికేషన్‌లో వేరేచోట ఎలాగూ ఉంటాయి. బరువైన ఇంగ్లిష్ మాటలు అసలే వద్దు. డబ్బులిచ్చి వేరేవాళ్లతో రాయించుకోవద్దు, దయచేసి.

రాశాక, ఎవరు రాశారో చెప్పకుండా మీ ఫ్రెండ్‌కు చదివి వినిపించండి. "ఇది నువ్వే కదా" అనేదాకా దిద్దుతూనే ఉండండి.